విశాఖలో మీ పేట ఎలాంటిది? బ్రోకర్లు చెప్పని సంగతులు చెప్పండి

బురుజుపేట_అబ్బాయి (శనివారం, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు మేం ఇల్లు మారాలి. తాతగారి పెంకుటిల్లు, ముగ్గురన్నదమ్ముల వాటా. ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారు గానీ, ఇక అమ్మేద్దామని పెద్దవాళ్లు తేల్చేశారు. మా వాటాకి కొంత లోను కలిపితే రెండు బెడ్‌రూముల ఫ్లాటు వస్తుందని లెక్క. ముందు ఒక ఏడాది అద్దెకుండి చూసి, నచ్చితే అక్కడే కొందామని ఆలోచన.

చిక్కేమిటంటే నా పని ఆటోనగర్‌లో. మా ఆవిడ ఆఫీసు రుషికొండ ఐటీ కొండ మీద. బాబు నాలుగో తరగతి. అమ్మకి 68, మోకాళ్లు సహకరించవు, పైగా పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి బురుజుపేట దాటి ఎక్కడా కాపురం చెయ్యలేదు. బ్రోకర్ని అడిగితే విశాఖలో ఉన్న ప్రతి ఇల్లూ హైవేకి ఐదు నిమిషాలు, బీచికి పది నిమిషాలు. పెందుర్తిలో చూపించిన ఇంటికి కూడా అదే మాట చెప్పాడు మహానుభావుడు!

అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. మీరుండే చోట మంచీ చెడూ రెండూ చెప్పండి. నావి ముందు చెప్పేస్తా.

మాది కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి రెండు వీధుల అవతల. కురుపాం మార్కెట్టు, పూర్ణా మార్కెట్టు నడిచెళ్లే దూరం. ఏ కొట్లోనూ "రేపు తెప్పిస్తానండి" అనే మాట వినపడదు. పక్కింటివాళ్లతో పొద్దున మాటామాటా అనుకున్నా, సాయంత్రానికి గోడ మీంచి పులుసు గిన్నె వచ్చేస్తుంది. దర్గా కొండ, రాస్ హిల్ చర్చి, వెంకటేశ్వరస్వామి కొండ, మూడూ కళ్లెదురుగా ఉంటాయి. వాటి గంటలూ ప్రార్థనలూ వినపడుతుంటే చిన్నప్పుడు మాకు గడియారం అక్కర్లేకపోయింది.

ఇక చెడు. నల్ల దుమ్ము. ఓడల్లోంచి దించిన బొగ్గు, ఇనుప ఖనిజం ఎక్కడ గుట్ట పోసినా చివరికి చేరేది మా గడప మీదికే. బాబు పాకే వయసులో ఉన్నప్పుడు పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి వాడి మోకాళ్లు కుంపటి పక్కన కూర్చున్నట్టు ఉండేవి. అమ్మ తెల్లబట్టలు ఆరేసేముందు గాలి ఎటు వీస్తోందో చూస్తుంది. మార్గశిరం గురువారాల్లో మా వీధిలోకి మా స్కూటరే రాదు. బుధవారం రాత్రే ఎక్కడో దూరంగా పెట్టి నడిచి రావాలి. ఇంట్లో దర్శనానికొచ్చిన చుట్టాలు పదిహేను మంది ఉంటారు. ఇది మంచో చెడో అమ్మనడిగితే ఒక జవాబు, మా ఆవిడనడిగితే ఇంకో జవాబు.

సెక్టార్_ఆరు (శనివారం, రాత్రి 10:15)

తమ్ముడూ, ఇంకేం ఆలోచించకు, ఎంవీపీ కాలనీకి వచ్చెయ్. మువ్వలవానిపాలెం అనే అసలు పేరు మా పాలవాడు తప్ప ఎవరూ పలకరు గానీ, విశాఖలో లెక్క ప్రకారం రోడ్లు వేసి కట్టిన కాలనీ అంటే ఇదే. మొత్తం పన్నెండు సెక్టార్లు. రైతు బజారుకి సంచి పట్టుకుని నడిచెళ్తా. ఆరోగ్యం బాగాలేకపోతే డాక్టరు, బాగుంటే పార్కు, రెండూ పది నిమిషాల్లోపే. మీ ఆవిడకి రుషికొండ బీచ్ రోడ్డు మీదుగా హాయిగా ఉంటుంది.

చెడు కూడా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా. మేం వచ్చినప్పుడు మా వీధిలో అన్నీ మేడ ఇళ్లే, ఇంటికో మామిడి చెట్టు. ఇప్పుడు ఒక్కో ఇల్లూ ఐదంతస్తులైంది. పది కార్లు నిలపాల్సిన వీధిలో నలభై కార్లు. మా గేటు ముందు ఎవరో కారు పెట్టి సినిమాకి పోతే, మా నాన్నగారిని ఆస్పత్రికి ఆటోలో తీసుకెళ్లాల్సొచ్చింది, మా కారు లోపలే ఉండిపోయి. హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, రాత్రి పన్నెండు దాకా ఫాస్ట్‌ఫుడ్ బళ్ల దగ్గర గరిటెల చప్పుడు. అద్దెకి 21 వేలు ఇస్తున్నాం, లిఫ్టు లేదు. సెక్టార్ నంబర్లు ఎటునుంచి ఎటు లెక్కపెట్టారో ఇరవై ఏళ్లయినా నాకు అంతుపట్టలేదు.

గాజువాక_గేరు (శనివారం, రాత్రి 10:32)

ఆటోనగర్‌లో పని పెట్టుకుని ఎంవీపీలో 21 వేలు అద్దె ఏటన్నా? ఆ డబ్బుతో గాజువాకలో ఇల్లూ వస్తుంది, ఇంటి కింద కొట్టూ వస్తుంది. మీరు టిఫిన్ చేసి నడుచుకుంటూ డ్యూటీకి వెళ్లిపోవచ్చు.

మాది ఒకప్పుడు వేరే మున్సిపాలిటీ. 2005లో గ్రేటర్ విశాఖలో కలిపారు. కలిపినా మా అమ్మ ఇప్పటికీ జగదాంబ వెళ్తే "వైజాగ్ వెళ్లొచ్చాను" అంటుంది. ఎందుకంటే మాకు అక్కడికి వెళ్లే పని ఏడాదికి రెండుసార్లే పడుతుంది. బంగారం, బట్టలు, ఆస్పత్రి, పెళ్లి మండపం అన్నీ ఇక్కడే. శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా, బీహార్, ఎక్కడెక్కడి వాళ్లో పని కోసం వచ్చి ఉండిపోయారు. అందుకని ఎవరినీ "మీదే ఊరు?" అని అనుమానంగా అడగరు. పండగలకి ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోతే మాత్రం వీధి బోసిపోతుంది. స్టీల్ ప్లాంటులో జీతాలు పడిన వారం మార్కెట్టులో కాలు పెట్టే సందుండదు. జీతాల గురించి ఏదైనా పుకారు వస్తే చేపల బుట్టలు కూడా నిండుగానే వెనక్కి పోతాయి. ఇంకెక్కడా ఇలా చూడలేదు నేను.

చెడు: లారీలు. పాత గాజువాక జంక్షన్లో రోడ్డు దాటడం ఒక విద్య. దుమ్ము మాకూ ఉంది, మీది నలుపు, మాది కొంచెం ఎరుపు కలిసిన నలుపు.

సెక్టార్_ఆరు (శనివారం, రాత్రి 10:41)

వాళ్లావిడ రుషికొండ వెళ్లాలి బాబూ. గాజువాక నుంచి పాతిక కిలోమీటర్ల పైనే. ఎన్ఏడీ, మద్దిలపాలెం, హనుమంతవాక అన్నీ దాటుకుని పోయి రావాలి. నువ్వు నడిచెళ్లి ఆవిడ రోజూ మూడు గంటలు రోడ్డు మీద ఉండాలా? అయినా లారీల మధ్య పిల్లల్ని పెంచమని చెప్తావేంటి.

గాజువాక_గేరు (శనివారం, రాత్రి 10:44)

మా పిల్లలు లారీల మధ్యే పెరిగారు, ఒకడు లారీలే కొన్నాడు. మీ పిల్లలు పార్కులో పెరిగి హైదరాబాద్ పోయారు కదా గురువుగారూ.

సెక్టార్_ఆరు (శనివారం, రాత్రి 10:45)

ఈ మాట అనవసరం.

నిర్వాహకుడు (శనివారం, రాత్రి 10:58)

ఇద్దరూ ఆగండి. అడిగినవాడికి ఇల్లు కావాలి, మన గెలుపు కాదు. తర్వాత వచ్చిన నాలుగు మెసేజిలు తీసేశాను.

తుప్పు_తలుపు (ఆదివారం, ఉదయం 6:50)

బీచి దగ్గర ఇల్లు కావాలని ఎవరైనా సలహా ఇవ్వకముందే రాసేస్తున్నా. మేం లాసన్స్ బే పక్కన, బాల్కనీలో కూర్చుంటే సముద్రం కనపడే ఫ్లాటులో ఉంటున్నాం. పొద్దున ఆరింటికి వాకింగ్‌కి వెళ్తే ఎండలో వెండిపళ్లెంలా మెరుస్తూ ఉంటుంది. బంధువులందరికీ మా ఇల్లంటే ఇష్టం. రెండు రోజులుండి పోతారు కదా.

ఉండేవాళ్లకి తెలుస్తుంది. గేటుకి ఏడాదికోసారి రంగు వెయ్యకపోతే చేత్తో విరుచుకోవచ్చు. ఏసీ బయటి డబ్బా నాలుగేళ్లకి జల్లెడైంది, గ్యాసు నింపడానికొచ్చిన కుర్రాడు "సముద్రం ఇల్లాండీ?" అని నవ్వి ఊరుకున్నాడు. ఫ్రిజ్ కింద, వాషింగ్ మెషిన్ వెనక, కుట్టు మిషను కాలి దగ్గర, ప్రతిచోటా తుప్పు. గ్యాస్ స్టవ్ బర్నర్లు, తాళంచెవులు, బాబు సైకిల్ చైను. ఉప్పు డబ్బాలో ఉప్పు ఎప్పుడూ చెమ్మగిల్లి ముద్దగా ఉంటుంది, అప్పడం వేయించిన అయిదు నిమిషాల్లో తినెయ్యాలి. బోరు తవ్వితే ఉప్పునీళ్లు, తీరం పొడుగునా నేల కింద సముద్రం లోపలికి వచ్చేస్తోంది. కుళాయి నీళ్లు వచ్చే ఆ కాసేపే మా అపార్ట్‌మెంటుకి ప్రాణం.

2014 అక్టోబర్ 12. హుద్‌హుద్. సముద్రం వైపు కిటికీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. మేం నలుగురం బాత్రూంలో కూర్చున్నాం, దానికి ఒక్కదానికే కిటికీ చిన్నది. మధ్యలో గాలి ఆగింది. అయిపోయిందనుకుని బయటికి వచ్చాం. అది తుపాను కన్ను. తర్వాత ఇంకో వైపు నుంచి మొదలైంది. కరెంటు మాకు పదకొండో రోజున వచ్చింది.

ఇంత తిట్టి ఇంకా ఎందుకున్నావంటే, ఏప్రిల్ మధ్యాహ్నం ఆ సముద్రపు గాలి తిరిగినప్పుడు తలుపు తెరిచి నిలబడితే తెలుస్తుంది.

గోపాలపట్నం_28కె (ఆదివారం, ఉదయం 8:20)

గాలి మాట నిజం. వాతావరణం వాళ్లు విశాఖకి రోజూ రెండు ఉష్ణోగ్రతలు ఇస్తారు, గమనించారా? వాల్తేరుది ఒకటి, ఎయిర్‌పోర్టుది ఒకటి. వేసవిలో ఎయిర్‌పోర్టు దగ్గర మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉండే రోజులు బోలెడు. మేం ఎయిర్‌పోర్టు లెక్కలోకి వస్తాం. టీవీలో "విశాఖలో ఆహ్లాదకరం" అంటుంటే మేం తడి తువ్వాలు నెత్తిన వేసుకుని వింటాం.

మా వైపు గురించి నాలుగు ముక్కలు. సింహాచలం దగ్గర, స్టేషన్ ఉంది, బస్సులకి లోటు లేదు. కొత్తవలస నుంచి ఆర్కే బీచి దాకా 28కె ఎక్కితే ఊరంతా ఒకే టికెట్టు మీద చూడొచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆ టికెట్టు కూడా లేదు. మా అత్తగారు ఇప్పుడు పూర్ణా మార్కెట్టుకి కరివేపాకు కోసం కూడా వెళ్తున్నారు.

ఇక రెండు సంగతులు జాగ్రత్తగా వినండి.

ఒకటి, కాగితాలు. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం, ఈ అయిదూళ్ల భూముల వివాదాన్నే పంచగ్రామాల సమస్య అంటారు. సింహాచలం దేవస్థానం భూముల గొడవ. దశాబ్దాలుగా ఇళ్లు కట్టుకుని ఉంటున్నవాళ్లకి కూడా అమ్ముకోవాలన్నా, పైన అంతస్తు వెయ్యాలన్నా అడ్డమే. రేటు తక్కువని ఎవరైనా ఊరిస్తే ముందు సర్వే నంబరు అడగండి. అద్దెకైతే ఇబ్బంది లేదు, కొనేటప్పుడు మాత్రం లాయరుకి ఇచ్చే ఫీజు దగ్గర పిసినారితనం వద్దు.

రెండోది రాయాలా వద్దా అని ఆలోచించాను. 2020 మే 7. లాక్‌డౌన్ రోజులు. తెల్లవారుజామున మూడు దాటాక వెంకటాపురం దగ్గర ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరిన్ ఆవిరి లీకైంది. మా తమ్ముడి ఇల్లు ఆ పక్క వీధే. ఫోన్లో వాడి మాట అర్థం కాలేదు, దగ్గు ఒక్కటే వినపడింది. ఆ ఆవిరి గాలికంటే బరువట, నేల దగ్గరే పాకింది. నిద్రలో లేచి పరుగెత్తినవాళ్లు దార్లోనే పడిపోయారు. ఆ ప్రమాదంలో 12 మంది పోయారు. తమ్ముడు బతికాడు. వారం తర్వాత వెళ్తే వాడి పెరట్లో అరటి ఆకులు ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టినట్టు మాడి ఉన్నాయి. ఫ్యాక్టరీ వచ్చినప్పుడు అక్కడ ఇళ్లు లేవు, తర్వాత వచ్చాయి అని చాలామంది అన్నారు. వాడు మాత్రం "నాకు ప్లాటు అమ్మినవాడు స్కూలు ఎంత దూరమో చెప్పాడు, బస్టాపు ఎంత దూరమో చెప్పాడు" అంటాడు.

మల్కాపురం_మాస్టారు (ఆదివారం, ఉదయం 9:35)

గోపాలపట్నం బాబూ, మంచిపని చేశావు రాసి.

నేను లెక్కల మాస్టారిగా రిటైరయ్యాను. 1979 నుంచి మల్కాపురమే. మా పక్క స్టాపు సింధియా. ఆ పేరు ఎందుకొచ్చిందని క్లాసులో అడిగితే పిల్లలు "రాజుగారి పేరండీ" అనేవాళ్లు. సింధియా అనే ఓడల కంపెనీ 1941లో ఇక్కడ నౌకా నిర్మాణం మొదలుపెట్టింది. 1948లో జల ఉష అనే ఓడని నెహ్రూగారు ఇక్కడే నీళ్లలోకి దించారు. తర్వాత అది ప్రభుత్వం చేతికొచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. కంపెనీ పేరు పోయి డెబ్బయ్యేళ్లు దాటినా కండక్టరు నోట్లో ఇంకా ఉంది.

మా వీధిలో ఒకప్పుడు తొమ్మిది ఇళ్లుంటే ఆరు భాషలు. డాక్‌యార్డు వాళ్లు, నేవీ వాళ్లు, షిప్‌యార్డు వాళ్లు. మా పిల్లలు ఆరు భాషల్లో తిట్లు నేర్చుకుని, వాటిలో రెండు భాషలతో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఓనం నాడు మా ఇంటికి పాయసం వస్తుంది, సంక్రాంతికి మా అరిసెలు వాళ్లింటికి వెళ్తాయి. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా డబ్బా ఖాళీగా తిరిగిరాలేదు.

1997 సెప్టెంబర్ 14, ఆదివారం. పొద్దున్నే రిఫైనరీలో పేలుడు. కిటికీ అద్దాలు మంచం మీద పడ్డాయి. మా ఆవిడ చిన్నమ్మాయిని చంకనేసుకుంది, నేను రేషన్ కార్డు, టెన్త్ సర్టిఫికెట్లు దొరికినవి దొరికినట్టు లాక్కున్నాను. చెప్పుల్లేకుండా గాజువాక వైపు నడిచాం. వెనక్కి చూస్తే పొగ తప్ప ఊరు లేదు. రోడ్డంతా మనుషులే, ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు తిరిగొచ్చాం.

అప్పట్నుంచి మా ఇంట్లో ముఖ్యమైన కాగితాలన్నీ ఒకే గుడ్డసంచిలో తలుపు వెనక మేకుకి వేలాడుతుంటాయి. సంచి మూడుసార్లు మార్చాం. మేకు అదే.

మా అబ్బాయి మధురవాడలో ఫ్లాటు కొని రమ్మంటున్నాడు. వెళ్లి నెల రోజులున్నాం. శుభ్రంగా ఉంది, గాలి బాగుంది, రాత్రి రిఫైనరీ మంట వెలుగు కిటికీలోంచి పడదు. మా ఆవిడకి నిద్ర పట్టలేదు. డ్యూటీ సైరన్ వినపడక టైమెంతయిందో తెలియడం లేదంది. వచ్చేశాం. ఇది తెలివైన పని అని నేను చెప్పను.

కొమ్మాది_కొత్తకాపు (ఆదివారం, ఉదయం 11:10)

మాస్టారూ, మీ అబ్బాయి పక్షాన నేను మాట్లాడతా. మేం 2019లో కొమ్మాది వచ్చాం. బురుజుపేట అన్న గారి ఆవిడకి ఇక్కణ్నుంచి ఆఫీసు పావుగంట. కొత్త రోడ్లు, కొత్త బడులు, వెనక కొండలు పచ్చగా. క్రికెట్ మ్యాచ్ ఉన్నరోజు స్టేడియంలో అరుపులు మేడ మీదికి వినపడతాయి, టీవీలో బంతి పడకముందే మాకు వికెట్టు తెలిసిపోతుంది.

కానీ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చూస్తే మీరు వెనక్కి పారిపోతారు. మార్చి నుంచి జూన్ దాకా ఒకటే చర్చ, ట్యాంకర్లు. నిన్న ఎన్ని వచ్చాయి, ఎవరింట్లో కుళాయి కారుతోంది, మూడో అంతస్తులో నలుగురున్నారు మేం ఇద్దరం, సమానంగా ఎందుకు కట్టాలి. ఒకసారి ఒకాయన అర్ధరాత్రి సంపు దగ్గర టార్చిలైటు వేసుకుని కాపలా కూర్చున్నాడు. అప్పుడప్పుడూ పాము వస్తుంది, కంబాలకొండ అడవి పక్కనే కదా, పాపం దాని ఇంట్లోకి మనమే వచ్చాం. మెట్రో వస్తుందని చెప్పి మాకు అమ్మారు, మెట్రో వస్తుందని చెప్పే మా పక్కవాళ్లకి ఇంకో పది లక్షలు ఎక్కువకి అమ్మారు. 2014 నుంచి వింటున్న మాట అది. ఈ మధ్య డేటా సెంటర్లు వస్తున్నాయని రేట్లు మళ్లీ పెంచారు.

ఇంకో సంగతి. పెద్దవాళ్లకి ఇక్కడ ఏమీ తోచదు. మా నాన్న మొదటి ఆరు నెలలూ సెక్యూరిటీ గార్డుతోనే మాట్లాడేవాడు. గార్డు మారితే రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

కొండవాలు (ఆదివారం, మధ్యాహ్నం 1:05)

అందరూ ఫ్లాట్ల గురించే చెప్తున్నారు, ఈ ఊళ్లో కొండల మీదున్న మా గురించి ఎవరూ చెప్పరు. కైలాసపురం వైపు కొండవాలులో మా ఇల్లు. కింద రోడ్డు నుంచి 143 మెట్లు, నేను లెక్కపెట్టా. పైనుంచి చూస్తే రాత్రిపూట హార్బరు దీపాలు, ఓడలు, ఆ దృశ్యానికి కోటి రూపాయల ఫ్లాటువాళ్లు డబ్బులిస్తారు. గ్యాస్ సిలిండరు పైకి తెచ్చినందుకు మేం ఇస్తాం, అదే తేడా. గట్టి వాన పడితే మా అమ్మ పడుకోదు, గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది. కొండరాయి జారుతుందేమోనని.

అన్నా, మీ అమ్మగారి మోకాళ్లకి మా వైపు ఆలోచించకండి. చెప్పాలనిపించి చెప్పా, అంతే.

కంచరపాలెం_మెట్టు (ఆదివారం, మధ్యాహ్నం 1:30)

143 మెట్లెక్కి నీ ఇంటికొచ్చి తాగిన టీ నాకు గుర్తుంది తమ్ముడూ. పైకొచ్చాక పావుగంట మాట్లాడలేకపోయాను.

కంచరపాలెం గురించి ఒక్క ముక్క: అందరికీ అందరూ తెలుసు. ఇదే మంచి, ఇదే చెడు. నేను సిగరెట్టు మానేశానని మా ఆవిడకి చెప్పిన రోజే ముగ్గురు వచ్చి అబద్ధమని చెప్పారు. వాన గట్టిగా పడితే జ్ఞానాపురం, చావులమదుం వైపు వెళ్లకండి, వంతెన కింద చెరువే.

బురుజుపేట_అబ్బాయి (ఆదివారం, రాత్రి 8:15)

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. మాస్టారి పోస్టు అమ్మకి చదివి వినిపించాను. "ఆ సంచి ఆలోచన బాగుంది" అని మాత్రం అంది. మా ఆవిడ కొమ్మాది అంటోంది, నాకు గాజువాక సుఖం, అమ్మకి రెండూ వేరే దేశాలే. మధ్యలో ఎన్ఏడీ చుట్టుపక్కల ఎలా ఉంటుంది? మర్రిపాలెం, మాధవధార?

ధార_దగ్గర (ఆదివారం, రాత్రి 9:00)

ఇక నా వంతు. మాధవధారలో పుట్టి, మాధవధారలోనే పెళ్లి చేసుకుని, రెండు వీధులు మారాను అంతే.

పేరులో ఉన్న ధార నిజంగానే ఉంది. సింహాచలం కొండల్లోంచి దిగే ఊట, మాధవస్వామి గుడి దగ్గర. సీతమ్మధార పేరు కూడా అలాంటిదే గానీ అక్కడ ఇప్పుడు ధారగా పారేది ట్రాఫిక్కే. మీకు ఆటోనగర్ ఒక వైపు, ఆవిడకి రుషికొండ ఇంకో వైపు. ఇద్దరికీ సమానంగా దూరం. ఇద్దరూ సమానంగా సణుక్కోవచ్చు, ఇంట్లో గొడవుండదు. ఎన్ఏడీ ఫ్లైఓవర్ వచ్చాక అక్కడ నిలబడిపోయే బాధ తగ్గింది. కాకపోతే కొత్తవాళ్లు పైనెక్కి ఎటు దిగాలో తెలియక రెండు చుట్లు తిరుగుతారు. నేనూ తిరిగాను.

రైల్వే వాళ్లు, నేవీ సివిలియన్లు, రిటైరైన టీచర్లు ఎక్కువ. పాత ఇండిపెండెంట్ ఇళ్లు ఇంకా ఉన్నాయి, కింది వాటా అద్దెకిస్తారు. అమ్మగారికి మెట్ల బాధ ఉండదు.

ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరి ప్రదక్షిణ మా రోడ్డు మీదుగానే. ముప్పై రెండు కిలోమీటర్లు నడిచేవాళ్లు మా దగ్గరికి వచ్చేసరికి చాలావరకు నడక అయిపోయి ఉంటుంది. కాళ్లు ఈడ్చుకుంటూ వస్తారు. రాత్రంతా వీధివీధినా మజ్జిగ, పులిహోర, కాళ్లకి రాసుకోవడానికి నూనె. మా వీధి వాటా మజ్జిగ. నాలుగు డ్రమ్ములు. ఆ ఒక్క రాత్రి కోసం ఆడవాళ్లు పది రోజుల ముందునుంచీ తోడు పెట్టుకుంటారు. తెల్లారాక మాత్రం రోడ్డు చూడలేం, కాగితం గ్లాసులు మోకాలెత్తు.

చెడు: కోతులు. కొండ మీంచి దిగొస్తాయి. ఆరేసిన వడియాలు తింటే తిననీ అనుకోవచ్చు, డిష్ వైర్లు పీకుతాయి. గెడ్డ (వాననీళ్ల వాగు) పక్క వీధుల్లో ఇల్లు తీసుకోకండి, పెద్దవాన పడితే నీళ్లు లోపలికొస్తాయి. ఇల్లు చూడ్డానికొచ్చినప్పుడు గోడ అడుగున రంగు తేడా ఉందేమో చూడండి. కొత్తగా సున్నం వేసి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి. రాత్రిళ్లు గూడ్సు బళ్ల మోత ఉంటుంది. మాకు వినపడదు, మా ఇంటికొచ్చిన చుట్టాలకి వినపడుతుంది.

సెక్టార్_ఆరు (ఆదివారం, రాత్రి 9:20)

గాజువాక తమ్ముడూ, నిన్న కోపంగా అన్నాను. మా పెద్దాడు హైదరాబాద్‌లోనే ఉన్నాడు, నువ్వన్నది నిజమే, అందుకే గుచ్చుకుంది.

గాజువాక_గేరు (ఆదివారం, రాత్రి 9:26)

అయ్యో గురువుగారూ, నోటి దురుసు నాది. ఈసారి కారు రిపేరొస్తే మా షెడ్డుకి తీసుకురండి. గేటు ముందు ఎవరూ అడ్డం పెట్టకపోతే.

బురుజుపేట_అబ్బాయి (మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:40)

చెప్పకుండా పోతే బాగోదని రాస్తున్నా. మొత్తం ఎనిమిది ఇళ్లు చూశాం. కొమ్మాదిలో ఇల్లు బ్రహ్మాండంగా ఉంది, అమ్మ లిఫ్టులో పైకి వెళ్లి, బాల్కనీలోంచి కిందికి చూసి, "ఇక్కణ్నుంచి ఎవర్ని పిలవాలి?" అంది. మా ఆవిడే ఇంక వద్దులెండి అని తీసుకొచ్చేసింది. గాజువాకలో ఓనరు మరీ మంచివాడు, కానీ ఎదురుగా లారీ బాడీ కట్టే షెడ్డు.

మాధవధారలో మూడు చూశాం. ఒకటి గెడ్డ పక్కన. గోడ అడుగున కొత్త సున్నం, ధార_దగ్గర గారు చెప్పినట్టే. వేలితో గీకితే కింద బురద రంగు. ఓనరు ముఖం అదోలా పెట్టాడు. మూడోది గుడికి వెళ్లే దారిలో కింది వాటా. ముందు అరుగు ఉంది. పదమూడు వేలు. అమ్మ లోపల గదులేమీ చూడలేదు. అరుగు మీద అరగంట కూర్చుంది. వచ్చేపోయే ఇద్దరితో మాట్లాడింది, ఒకావిడ పుట్టిల్లు మా పాతూళ్లోని కోటవీధి అని తేలింది. ఇక చెప్పేదేముంది. బయల్దేరేటప్పుడు చేత్తో అరుగు తుడిచి, అరచేయి నాకు చూపించింది. దుమ్ముంది గానీ మామూలు దుమ్ము.

అడ్వాన్సు ఇచ్చేశాం. అమ్మవారి గుడికి ప్రతి గురువారం ఆటో మాట్లాడుకోవాలని ఇప్పటికే లెక్కలేస్తోంది. ఒక్క సందేహం మిగిలింది, అది కూడా అమ్మదే. అక్కడికి చేపలామె వస్తుందా? మా ఇంటికి హార్బరు నుంచి తెచ్చి తొమ్మిదింటికల్లా గుమ్మంలో ఉండేది. కొట్లో ఐసు చేప అమ్మ ముట్టదు.

ధార_దగ్గర (ఆదివారం, సాయంత్రం 6:02)

వస్తుంది. జాలారిపేట నుంచి. శనివారం తప్ప రోజూ, కాకపోతే మా దాకా వచ్చేసరికి పదవుతుంది. కానాగంతలు, నెత్తళ్లు ఎక్కువ తెస్తుంది, వంజరం కావాలంటే ముందురోజు చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రెండు నెలలూ ఎండుచేపలే. బేరం మాత్రం గట్టిగా చెయ్యాలి.

రేపు వస్తే చెప్పి ఉంచుతా. ఏ ఇంటి ముందు కేకెయ్యమనాలి?

బురుజుపేట_అబ్బాయి (ఆదివారం, సాయంత్రం 6:05)

నీలం గేటు, ముందు పారిజాతం చెట్టు. కేక కొంచెం గట్టిగా వెయ్యమనండి, అమ్మకి కుడి చెవి సరిగా వినపడదు. బేరం సంగతి ఆమెనే జాగ్రత్తగా ఉండమనండి.